హైదరాబాద్ దుకాణాలు, ఆఫీసుల్లో ఉద్యోగ నిబంధనలు: ప్రొబేషన్, పనిగంటలు, విశ్రాంతి, ఓవర్‌టైమ్

ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే సేల్స్‌మన్, నాంపల్లి స్టేషన్ రోడ్డులో లాడ్జీ రిసెప్షన్‌లో కూర్చునే కుర్రాడు, ఖైరతాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయి. ముగ్గురి పనులూ వేరు, జీతాలూ వేరు. ముగ్గురికీ వర్తించే మూల చట్టం మాత్రం ఒకటే. అది 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ దీన్ని తన చట్టంగా స్వీకరించింది. వ్యాపారులు ‘షాప్స్ యాక్ట్’ అంటారు, పాతతరం ఉద్యోగులు ‘గుమాస్తాల చట్టం’ అంటారు. ఫ్యాక్టరీలకు వేరే చట్టం ఉంది. ప్రభుత్వ కార్యాలయాలు దీని పరిధిలోకి రావు. వాటిని పక్కన పెట్టినా నగరంలో కౌంటరు వెనకా, కంప్యూటరు ముందూ పనిచేసే అసంఖ్యాక జనం దీని కిందికే వస్తారు. వాళ్లలో చాలామంది ఈ చట్టం పేరు కూడా వినకుండానే ఉద్యోగ జీవితం గడిపేస్తారు.

రోజుకు ఎన్ని గంటలు పని, మధ్యలో ఎంత విరామం, వారంలో ఎప్పుడు సెలవు, ఎక్కువ పని చేస్తే ఎంత ఇవ్వాలి, పనిలోంచి తీసేయాలంటే ఏం చేయాలి. ఈ అయిదు ప్రశ్నలకూ చట్టం సూటిగానే జవాబు చెప్పింది. అయితే ఆ జవాబు అక్కరకు రావాలంటే ఎన్ని గంటలు పని జరిగిందో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఈ రంగంలో తగాదాలన్నీ చివరికి ఆ హాజరు పట్టీ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

చట్టం వచ్చిన దారి

పనిగంటలకు హద్దు ముందుగా ఫ్యాక్టరీ కార్మికులకే దొరికింది. 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీ చట్టం పిల్లలను మాత్రమే కొంత కాపాడింది. వయోజనులైన మగవాళ్లకు 1911లో, అదీ బట్టల మిల్లుల్లో, రోజుకు 12 గంటల పరిమితి పెట్టారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టన్ సమావేశంలో 8 గంటల రోజు, 48 గంటల వారం అని తీర్మానిస్తే, భారతదేశానికి 60 గంటల వారం చాలన్నారు. 1934లో అది 54కు దిగింది. బి.ఆర్. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన 1942–46 సంవత్సరాల్లో 8 గంటల పని దినం చర్చ ముందుకు వచ్చింది, 1946 సవరణతో 48 గంటల వారం ఖాయమైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్నే నిలబెట్టి, రెట్టింపు ఓవర్‌టైమ్ జీతాన్ని స్థిరపరిచింది.

దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఈ వరసలో బాగా వెనకబడ్డారు. ఫ్యాక్టరీకి సైరను ఉంటుంది, షిఫ్టు ఉంటుంది, గేటు దగ్గర లెక్క ఉంటుంది. వేలమంది ఒకేచోట ఉంటారు కాబట్టి సంఘం పెట్టుకోవడమూ సులువు. దుకాణంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. చివరి గిరాకీ వెళ్లేదాకా షట్టరు దిగదు. సేఠ్ ఇంటిపనికీ దుకాణం పనికీ మధ్య గీత కూడా ఉండదు. ఇటువంటి చోట గంటలు కొలవడం కష్టమని ప్రభుత్వాలు చాలాకాలం ఆ జోలికే పోలేదు. 1939లో బొంబాయి రాష్ట్రం దేశంలో మొదటగా దుకాణాల చట్టం తెచ్చింది. 1942లో వారపు సెలవుల చట్టం కేంద్రం నుంచి వచ్చింది. మద్రాసు రాష్ట్రం 1947లో, హైదరాబాద్ రాష్ట్రం 1951లో తమ తమ దుకాణాల చట్టాలు చేసుకున్నాయి.

అందుకే 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా విజయవాడ గుమాస్తాకు మద్రాసు చట్టం, ఆబిడ్స్ గుమాస్తాకు హైదరాబాద్ చట్టం నడిచాయి. ఒకే రాష్ట్రంలో రెండు చట్టాలు పదేళ్లు సాగాక 1966లో వాటిని రద్దు చేసి ఉమ్మడి చట్టం తెచ్చారు. 1988లో దాని స్థానంలో ఇప్పటి చట్టం వచ్చింది.

హైదరాబాద్ కార్మికోద్యమానికి ఇందులో వాటా ఉంది. నిజాం పాలన చివరి ఏళ్లలో, 1946లో, అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. దాని నాయకుల్లో కవి మఖ్దూం మొహియుద్దీన్, డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ ముఖ్యులు. ఆ తర్వాతి తరంలో ఆల్విన్ కంపెనీలో రోజుకు ఆరణాల కూలీగా మొదలుపెట్టి, యూనియన్ నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య పేరు చెప్పుకోవాలి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం ఉన్న భవనానికి ఆయన పేరే పెట్టారు. తెలుగువాడైన వి.వి. గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యి, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు నిరసనగా 1954లో పదవి వదులుకున్నారు. కార్మికుడికి దక్కిన తీర్పును ప్రభుత్వమే తగ్గించకూడదని ఒక మంత్రి రాజీనామా చేసిన సందర్భాలు మన దేశంలో అరుదు.

రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది

1988 చట్టంలో దుకాణాలకు ఒక అధ్యాయం, ఇతర సంస్థలకు మరో అధ్యాయం ఉన్నాయి. రెండింటిలోనూ మూల సూత్రం ఒకటే. ఉద్యోగి చేత రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదు. వరసగా 5 గంటలు పని చేశాక కనీసం ఒక గంట విరామం ఇవ్వాలి. పనీ విరామమూ కలిపి ఒక రోజులో 12 గంటలు దాటకూడదు.

ఈ మూడో నియమాన్నే చాలాచోట్ల తప్పుగా చదువుతారు. ‘చట్టంలో పన్నెండు గంటలు ఉంది కదా’ అనే మాట బజారులో తరచూ వినిపిస్తుంది. పన్నెండు గంటలు పని చేయించవచ్చని దాని అర్థం కాదు. ఉద్యోగిని ఉదయం రమ్మని, మధ్యాహ్నం గంటలకొద్దీ ఇంటికి పంపి, మళ్లీ రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టి, ‘మొత్తం ఎనిమిది గంటలే’ అని లెక్క చెప్పకుండా అడ్డుకునేందుకు పెట్టిన కంచె అది. వచ్చిన క్షణం నుంచి వెళ్లే క్షణం దాకా ఆ మనిషి రోజులో యజమాని చేతిలో ఉండే భాగం పన్నెండు గంటలు దాటకూడదు, అందులో పని ఎనిమిదే.

దుకాణాలు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా చెబుతుంది. ఈ వేళలు వినియోగదారుడి కోసం పెట్టినవని అనుకుంటారు కానీ, వాటి అసలు ఉద్దేశం లోపల పనిచేసేవాళ్ల గంటలకు హద్దు వేయడమే. షట్టరు దిగితే తనిఖీ అధికారి రోడ్డు మీంచే చూసి తెలుసుకోగలడు. షట్టరు ఎత్తే ఉంటే లోపల ఎవరు ఎన్ని గంటల నుంచి నిలబడి ఉన్నారో రికార్డు చూస్తే గాని తెలియదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 4 ద్వారా, దరఖాస్తు చేసుకున్న దుకాణాలు, సంస్థలు 24 గంటలూ తెరిచి ఉంచుకునే వీలు కల్పించింది. గుర్తింపు కార్డులు, వారపు సెలవు, పనిగంటల పరిమితి, ఓవర్‌టైమ్ జీతం, జాతీయ, పండుగ సెలవుల్లో పనిచేసినవారికి బదులు సెలవు, రాత్రి షిఫ్టులో పనిచేసే మహిళల సమ్మతి, వాళ్లకు రవాణా, భద్రత: ఇవన్నీ షరతులు. షరతులు బాగానే ఉన్నాయి. అయితే వాటిని చూసేందుకు ఇదివరకు షట్టరు ఇచ్చిన సాయం ఇక లేదు, భారమంతా రిజిస్టరు మీదే పడింది.

రంజాన్ నెల ఇందుకు మంచి ఉదాహరణ. ఏటా ఆ నెలంతా రాత్రింబవళ్లు దుకాణాలు తెరిచి ఉంచేందుకు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇస్తుంది. 2025లో మార్చి 2 నుంచి 31 దాకా ఇచ్చారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు జీతం ఇవ్వాలని ఆ అనుమతిలోనే ఉంది. తెల్లవారుజాము దాకా గిరాకీ ఉండే ఆ నెల్లో దుకాణాల్లో పనిచేసేవారికి ఈ ఒక్క వాక్యం తెలిసి ఉండటం చాలా అవసరం.

విశ్రాంతి, వారపు సెలవు

చట్టం ప్రకారం ప్రతి దుకాణమూ వారంలో ఒక రోజు పూర్తిగా మూసి ఉండాలి. ఆ రోజు మూశారని జీతం కోయకూడదు. ఆబిడ్స్‌లో అది చాలావరకు ఆదివారం. ఈ మూత వల్ల నగరానికి ఎవరూ ప్రణాళిక వేయని ఒక మేలు జరిగింది. మూసిన షట్టర్ల ముందు, ఖాళీ అయిన ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు గోనెపట్టాలు పరుస్తారు. ఇంజనీరింగ్ గైడ్లు, చందమామ సంపుటాలు, ఉర్దూ కవిత్వం, రష్యన్ అనువాదాలు, వైద్య గ్రంథాలు అన్నీ కలిసి కుప్పలుగా ఉంటాయి. తెలుగు రచయితల్లో, పరిశోధకుల్లో అక్కడ పుస్తకం కొనని వాళ్లు తక్కువ. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆర్మీనియన్ యూదుడు ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం నుంచి ఈ ప్రాంతానికి ఆబిడ్స్ అనే పేరు వచ్చింది. ఈ పేటకు పేరు తెచ్చింది దుకాణమైతే, దుకాణాలు మూసే రోజు దానికి మరో పేరు తెచ్చింది. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పుస్తకాలవాళ్లకు ఈ చట్టం వర్తించదు, వాళ్లకు యజమాని లేడు. వాళ్ల రక్షణ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలో ఉంది.

అందరికీ ఒకేరోజు సెలవు ఉండటం వేరు, ఒక్కొక్కరికి ఒక్కోరోజు ‘వీకాఫ్’ ఉండటం వేరు. సంవత్సరం పొడవునా తెరిచి ఉంచే అనుమతి ఉన్నచోట వంతులవారీగా సెలవు ఇస్తారు. కాగితం మీద రెండూ వారానికి ఒక రోజే. కానీ మంగళవారం సెలవు దొరికిన మనిషికి బడి సెలవున్న పిల్లలూ దొరకరు, బంధువుల పెళ్లీ అందదు. పైగా దుకాణం తెరిచే ఉంటుంది కాబట్టి, ‘ఇవాళ మనిషి తక్కువయ్యాడు, ఒక్క రెండు గంటలు వచ్చి వెళ్లు’ అని ఫోన్ రావడానికి వీలుంటుంది. మూసి ఉన్న దుకాణం నుంచి ఆ ఫోన్ రాదు. వ్యాపారానికి ఆదివారం అవసరం ఎంత ఉన్నా, అందరికీ కలిసివచ్చే సెలవును పోగొట్టుకుంటున్నామన్న లెక్కను ఈ అనుమతుల చర్చలో ఎవరూ వేయడం లేదు.

జీతంతో కూడిన సెలవుల సంగతి చాలామందికి తెలియదు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి తర్వాతి ఏడాదిలో 15 రోజుల సెలవు వస్తుంది. దాన్ని 60 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. దానికి తోడు ఏడాదికి 12 రోజులు అనారోగ్య సెలవు, 12 రోజులు క్యాజువల్ సెలవు ఉన్నాయి. రెండు రోజులు జ్వరంతో రాకపోతే రెండు రోజుల జీతం కోసే చిన్న దుకాణాల అలవాటు చట్టం ముందు నిలవదు.

నిలబడి చేసే పని గురించి 1988 చట్టంలో ఏమీ లేదు. బట్టల, నగల షోరూముల్లో రోజంతా నిలబడే సేల్స్ ఉద్యోగినులు కాళ్ల వాపులు, నడుము నొప్పులతో బాధపడటం చూసి కేరళ 2018లో తన దుకాణాల చట్టంలో కూర్చునే హక్కు చేర్చింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. మన రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో పొరుగువాళ్లను చూసి నేర్చుకోవాల్సింది ఉంది. కుర్చీ వేస్తే ఏ వ్యాపారీ నష్టపోడు.

ఓవర్‌టైమ్ లెక్క

ఎనిమిది గంటలు దాటిన పనికి మామూలు జీతానికి రెట్టింపు ఇవ్వాలి. వాక్యం చిన్నదే, లెక్క వేసి చూస్తేనే దాని బరువు తెలుస్తుంది.

నెలకు 15,600 రూపాయల జీతం ఉన్న సేల్స్‌మన్‌ను తీసుకుందాం. వారపు సెలవులు తీసేసి నెలను 26 రోజులుగా లెక్కించడం రివాజు. గ్రాట్యుటీ చట్టంలోనూ ఈ 26 ఉంది. రోజు జీతం 600, గంటకు 75. రెట్టింపు చేస్తే ఓవర్‌టైమ్ గంటకు 150 రూపాయలు. ఇతను ఉదయం 10కి వచ్చి రాత్రి 9కి వెళతాడు, మధ్యలో గంట భోజన విరామం. ఆబిడ్స్‌లో ఇది వింత వేళలేమీ కాదు. మొత్తం వ్యవధి 11 గంటలు, కాబట్టి పన్నెండు గంటల కంచె లోపలే ఉన్నాడు. పని మాత్రం 10 గంటలు. రోజుకు 2 గంటలు ఎక్కువ, ఆరు రోజులకు 12 గంటలు. వారానికి 1,800 రూపాయలు, నాలుగు వారాలకు 7,200. అంటే ఆ కుర్రాడి జీతంలో దాదాపు సగమంత మొత్తం ఎవరి పుస్తకంలోనూ లేదు. ‘ఇంత జీతం ఇస్తున్నాను, వేళ గీళ అడగొద్దు’ అని చేరిన రోజున చెప్పిన మాట ఆ 7,200ను రద్దు చేయలేదు. చట్టం ఇచ్చిన కనీస హక్కును నోటిమాటతోనే కాదు, సంతకం చేసిన ఒప్పందంతోనూ వదులుకోవడం కుదరదు.

అందుకే రెట్టింపు అన్నది బహుమానం అనుకోకూడదు. ఎక్కువ గంటలు అవసరమైతే ఇంకో మనిషిని పెట్టుకోవడం చవక అనిపించేలా చేయడమే దాని ఉద్దేశం. ఇద్దరి పని ఒకడి చేత చేయించుకోవడం ఖరీదైతేనే రెండో మనిషికి ఉద్యోగం దొరుకుతుంది. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టిన ప్రతిచోటా ఒకడి విశ్రాంతీ, ఇంకొకడి ఉద్యోగమూ రెండూ పోతున్నాయి.

దేశం దాటితే ఈ రేటు మారుతుంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల నుంచి వేలమంది వెళ్లే యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పని రోజుకు 8 గంటలు, వారానికి 48. ఓవర్‌టైమ్‌కు మామూలు జీతం మీద 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 లోపు అయితే 50 శాతం అదనం. అమెరికాలో 1938 చట్టం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వమంటుంది, కానీ మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఆ నియమం వర్తించని వర్గంలో ఉంటారు. కాగితం మీద చూస్తే ఓవర్‌టైమ్ రేటు మన దగ్గరే ఎక్కువ.

ఆఫీసులకు వేరే గంటలు

2025 జులై దాకా ఆబిడ్స్ దుకాణానికీ ఖైరతాబాద్ ఆఫీసుకీ గంటల విషయంలో తేడా లేదు. ఆ నెలలో వచ్చిన జీవో 282 ఆ సమానత్వాన్ని మార్చింది. దుకాణాలను మినహాయించి, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి మాత్రం 48 దాటకూడదని చెప్పింది. దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. 6 గంటల పని తర్వాత అరగంట విరామం. మొత్తం వ్యవధి 12 గంటలు. మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 144 గంటలు మించకూడదు.

అంటే ఇవాళ కౌంటరు దగ్గర ఉన్న ఉద్యోగికి 5 గంటలకోసారి గంట విరామం, బల్ల దగ్గర ఉన్న ఉద్యోగికి 6 గంటలకు అరగంట. వారం మొత్తం మారలేదు కదా అని సమర్థించేవారు అంటారు. నిజమే, అయిదు రోజుల వారం పాటించే సంస్థకు ఇది అనుకూలం. ఆరు రోజులూ పనిచేయించే చిన్న ఆఫీసులో మాత్రం సాయంత్రం ఆరు తర్వాత నిలిపి ఉంచడానికి ఇది కొత్త సాకు అయ్యే ప్రమాదం ఉంది. ఆరు పదులు అరవై. ఆ పన్నెండు గంటలకు రెట్టింపు చెల్లిస్తున్నారా లేదా అన్నదే తేల్చవలసింది.

ఐటీ, ఐటీ ఆధారిత సేవల కంపెనీలకు 2000 దశకం తొలి ఏళ్ల నుంచీ ఉమ్మడి రాష్ట్రంలోనూ తర్వాత తెలంగాణలోనూ ఇంకా పెద్ద మినహాయింపులు నడిచాయి. తెరిచే వేళలు, రోజువారీ గంటలు, మహిళల రాత్రి పనిపై ఆంక్ష మాత్రమే కాకుండా, ఉద్యోగం నుంచి తొలగించే నియమాలున్న 47వ సెక్షన్‌లోని మొదటి నాలుగు ఉపసెక్షన్లు కూడా అందులో ఉన్నాయి. వారానికి 48 గంటలు, ఓవర్‌టైమ్, వారపు సెలవు వంటివి షరతులుగా మిగిలాయి. పెద్ద జీతాల రంగం కదా అని ఈ మినహాయింపు మీద పెద్దగా చర్చ జరగలేదు. లే-ఆఫ్‌ల కాలం వచ్చాక ఆ 47వ సెక్షన్ విలువ ఆ రంగంలోని వాళ్లకే తెలిసివచ్చింది.

ప్రొబేషన్

‘మూడు నెలలు ట్రయల్’, ‘ఆరు నెలలు ప్రొబేషన్’, ‘ముందు పని చూద్దాం, తర్వాత జీతం మాట్లాడదాం’. మాట ఏదైనా, ఆ కాలంలో ఉద్యోగికి హక్కులు ఉండవనే నమ్మకం రెండు వైపులా గట్టిగా ఉంది. ఇది నిజం కాదు. పనిగంటలు, విరామం, వారపు సెలవు, ఓవర్‌టైమ్ మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. కనీస వేతనం కూడా అంతే. ప్రొబేషనర్‌ను వేరుగా చూడమని ఈ నియమాల్లో ఎక్కడా లేదు.

తేడా వచ్చేది తొలగింపు దగ్గర. అక్కడ కూడా చట్టం ప్రొబేషన్‌ను కొలమానంగా పెట్టుకోలేదు, పనిచేసిన కాలాన్ని పెట్టుకుంది. 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు తక్కువ కాకుండా వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, తీసేస్తే నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు గాని, నెల జీతం గాని ఇవ్వాలి. నిర్ణీత కాలం దాటితే ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున సర్వీసు పరిహారమూ ఇవ్వాలి. కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ‘ఏడాది ప్రొబేషన్, ఎప్పుడైనా నోటీసు లేకుండా తీసేయవచ్చు’ అని రాసినా, ఆరు నెలలు నిండిన తర్వాత ఆ వాక్యం చట్టం కింద నిలబడదు. పారిశ్రామిక వివాదాల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) పరిహారం హక్కు ఇచ్చింది. రాష్ట్ర చట్టం, కేంద్ర చట్టం రెండూ ఒకే తగాదాకు తగిలినప్పుడు ఏది వర్తించాలన్న ప్రశ్న విజయవాడలోని కృష్ణా జిల్లా కోఆపరేటివ్ మార్కెటింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రిట్రెంచ్‌మెంట్ హక్కులను కేంద్ర చట్టమే నిర్ణయిస్తుంది, అయితే ఉద్యోగి రాష్ట్ర దుకాణాల చట్టం కింద ఉన్న అధికారి దగ్గరికి వెళ్లి కూడా వాటిని అడగవచ్చు అని 1987లో కోర్టు చెప్పింది. చిన్న ఉద్యోగికి దగ్గరి తలుపు మూసుకుపోకుండా చూసిన తీర్పు అది.

చాలా దుకాణాల్లో ఆరో నెల నిండకముందే తీసేసి, వారం తర్వాత కొత్త పేరుతోనో కొత్త కార్డుతోనో మళ్లీ చేర్చుకోవడం ఉంది. వరుస తెగిందని చూపడానికే ఇది. ఈ కృత్రిమ విరామాలను న్యాయస్థానాలు అంత తేలిగ్గా ఒప్పుకోవు, కానీ మళ్లీ అదే ప్రశ్న: ముందు పనిచేసిన అయిదున్నర నెలలకు ఆధారం ఏది?

పెద్ద పరిశ్రమల్లో ఉద్యోగ నియమాలను రాసిపెట్టే స్టాండింగ్ ఆర్డర్లు ఉండేవి. 1946 చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనాలో ప్రొబేషన్ మూడు నెలలే. సంతృప్తికరంగా పూర్తి చేస్తే పర్మనెంట్. ప్రొబేషన్ అనే ఆలోచన మొదట ఎంత చిన్నదిగా ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక మనిషికి కుట్టు మిషను నడపడం, పద్దులు రాయడం వచ్చో రాదో తెలుసుకోవడానికి మూడు నెలలు చాలు. ఏడాది, రెండేళ్లు పెంచుకుంటూ పోయారంటే పరీక్షించడానికి కాదు, తక్కువ జీతానికి.

సర్కారు కొలువుల్లో

ఈ మాట ప్రైవేటు యజమానుల గురించే అనుకోనక్కర్లేదు. ప్రొబేషన్ మీద ఇటీవలి పెద్ద తగాదాలు రెండు తెలుగు ప్రభుత్వాలతోనే జరిగాయి. నాంపల్లి ఎం.జె. రోడ్డులో పబ్లిక్ సర్వీస్ కమిషన్ భవనం ముందు గుమికూడే అభ్యర్థులు కలలుగనే మామూలు ప్రభుత్వోద్యోగంలో, 1996 నాటి సర్వీసు నియమాల ప్రకారం నేరుగా చేరినవారికి మూడేళ్ల కాలంలో రెండేళ్ల ప్రొబేషన్. తెలంగాణ 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, 2019 ఏప్రిల్‌లో చేరినవారికి 15,000 రూపాయల జీతంతో మూడేళ్ల ప్రొబేషన్ పెట్టింది. 2021లో జీతం 28,719కి పెంచి, ప్రొబేషన్‌ను మరో ఏడాది పొడిగించింది. నాలుగేళ్లూ నిండాక కూడా రెగ్యులరైజ్ చేయకపోవడంతో 2023 ఏప్రిల్ చివర్లో వాళ్లు సమ్మెకు దిగారు. డ్రెయిన్లు, నర్సరీలు, వైకుంఠధామాలు, పన్నుల వసూళ్లు అన్నీ చూసిన మనుషులను నాలుగేళ్ల తర్వాత ‘ఇంకా పరీక్షలో ఉన్నారు’ అనడం ఎవరికీ సబబుగా తోచలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులదీ ఇదే కథ. 15,000 రూపాయల స్థిర జీతంతో రెండేళ్లు అని చెప్పి, ఆ గడువు దాటించారు. 2022 మొదట్లో నిరసనలు జరిగాయి, ఆ ఏడాది మధ్యలో గాని ప్రొబేషన్ ఖరారు కాలేదు.

ప్రభుత్వోద్యోగంలో ప్రొబేషన్ గురించి సుప్రీంకోర్టు రెండు పాఠాలు స్థిరంగా చెప్పింది. నియమాల్లో గరిష్ఠ కాలం ఉండి, అది దాటాక కూడా ఉద్యోగిని కొనసాగిస్తే ఖరారు చేసినట్టే భావించాలని 1968లో ధరమ్ సింగ్ కేసులో అంది. పనితీరు బాగాలేదని ప్రొబేషనర్‌ను మామూలుగా పంపవచ్చు, కానీ దుష్ప్రవర్తన ఆరోపణే అసలు కారణమైతే విచారణ లేకుండా పంపకూడదని 1974లో శంషేర్ సింగ్ కేసులో చెప్పింది. ఉత్తర్వులో వాడిన మెత్తని మాటల వెనక ఏముందో కోర్టు చూస్తుంది.

ఆధారాలు, ఫిర్యాదు

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది. వాటిలో అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. రెట్టింపు ఓవర్‌టైమ్ అలాగే ఉంది. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బకాయి జీతం ఇవ్వాలని వేతనాల స్మృతి చెబుతుంది. రాష్ట్ర దుకాణాల చట్టాలను ఈ స్మృతులు రద్దు చేయలేదు. దుకాణాల్లో పనిచేసే ఉద్యోగికి వీటిలో అన్నిటికంటే పనికొచ్చేది ఆ అపాయింట్‌మెంట్ లెటరే. చేరిన తేదీ రాసిన కాగితం చేతిలో ఉంటే ఆరు నెలలు, 240 రోజులు వంటి గీతలన్నీ అక్కడి నుంచి కొలుచుకోవచ్చు.

అన్యాయంగా తీసేశారనుకుంటే 48వ సెక్షన్ కింద సహాయ కార్మిక కమిషనర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడి తీర్పు మీద రెండో అప్పీలుకూ వీలుంది. ఓవర్‌టైమ్, కోత పెట్టిన జీతం వంటి క్లెయిములూ కార్మిక శాఖ ద్వారానే. వకీలు లేకుండా, తెలుగులో రాసిన అర్జీతో మొదలుపెట్టవచ్చు. ఆలస్యం చేయకపోవడం ముఖ్యం.

ఆధారం ఎవరు చూపాలన్న చిక్కు ఇక్కడే వస్తుంది. 240 రోజులు పనిచేశానని ఉద్యోగే రుజువు చేయాలని, ఉత్తి ప్రమాణపత్రం చాలదని 2002లో రేంజ్ ఫారెస్ట్ ఆఫీసర్ కేసులో సుప్రీంకోర్టు అంది. రికార్డంతా యజమాని బీరువాలో ఉంటే ఉద్యోగి ఎక్కడ నుంచి తెస్తాడు? 2005లో యెల్లట్టి కేసులో కోర్టు ఈ ఇబ్బందిని గుర్తించింది. రోజుకూలీల చేతిలో నియామకపత్రమో జీతం రసీదో ఉండదు కాబట్టి, ఉద్యోగి బోనెక్కి సాక్ష్యం చెప్పి, మస్టర్ రోలు, జీతాల రిజిస్టరు తెప్పించమని అడగవచ్చని చెప్పింది. అందుచేత క్లెయిము వేసేటప్పుడు జీతం పడిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, ‘రేపు తొమ్మిదిన్నరకల్లా రా’ అని సేఠ్ పంపిన తేదీతో ఉన్న వాట్సాప్ సందేశాలు, ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు, ఉద్యోగి సొంతంగా డైరీలో రోజూ రాసుకున్న వచ్చిన వేళ, వెళ్లిన వేళ జత చేయాలి. వాటితోపాటే యజమాని దగ్గరున్న హాజరు పట్టీని అధికారి ముందుకు తెప్పించమని వేరే దరఖాస్తు కూడా పెట్టుకోవాలి.